నోటి ఆరోగ్య అసమానతలు – దంతవైద్య విద్యార్థుల ఊరి శిబిరాలు

ఒకే వయసున్న ఇద్దరు పిల్లల నోళ్ళు తెరిపించి చూస్తే ఒకరికి పళ్ళన్నీ మల్లెమొగ్గల్లా ఉంటాయి, ఇంకొకరికి నాలుగు దవడ పళ్ళు పుచ్చి వేరు దాకా పోయి ఉంటాయి. ఆ తేడాలో బ్రష్షు పాలెంత, తాగిన నీటి పాలెంత, ఇంటి రాబడి పాలెంత, ఊరికీ ఆసుపత్రికీ మధ్య దూరం పాలెంత అని లెక్క తీసే శాస్త్రం ప్రజా దంతవైద్యం. ఆదాయం, కులం, ఆడా మగా భేదం, ఉండే చోటు కారణంగా వచ్చేవీ, పూనుకుంటే తప్పించగలిగేవీ అయిన తేడాలను ఈ శాస్త్రంలో నోటి ఆరోగ్య అసమానతలు అంటారు. బీడీఎస్ విద్యార్థులు, హౌస్‌సర్జన్లు కళాశాల ఆసుపత్రి గడప దాటి పల్లెలకు, బస్తీలకు, బడులకు, సంక్షేమ హాస్టళ్ళకు వెళ్ళి పళ్ళు చూడడం, వీలైన చికిత్స చేయడం, జనంతో మాట్లాడడం దీనికి ఆచరణ రూపం. జనం నోట అది ‘పళ్ళ క్యాంపు’.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో వెలువరించిన నివేదిక ప్రకారం నోటి జబ్బులు సుమారు 350 కోట్ల మందిని పట్టి ఉన్నాయి. వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు మధ్యాదాయ దేశాల వాళ్ళే. పెద్ద పళ్ళు పుచ్చి చికిత్స అందనివారు దాదాపు 200 కోట్లు. పాలపళ్ళు పుచ్చిన పిల్లలు 51 కోట్ల పైచిలుకు. మనుషులకు వచ్చే జబ్బుల్లో ఇంత విస్తారమైనది మరొకటి లేదు. అయినా పంటినొప్పిని జబ్బుగా లెక్కపెట్టే అలవాటు మన ఇళ్ళలోనూ తక్కువే, ప్రభుత్వాల బడ్జెట్లలోనూ తక్కువే. నోటి ఆరోగ్యంపై ప్రపంచ ఆరోగ్య సభ 2021లో చేసిన తీర్మానం దాన్ని తక్కిన ఆరోగ్యంతో కలిపి చూడమని దేశాలను కోరింది.

పుచ్చినవి, పోయినవి, పూడ్చినవి

క్యాంపుకు వెళ్ళే విద్యార్థికి మొదట నేర్పే లెక్క ఇది. అమెరికాలో క్లైన్, పామర్, నట్సన్ 1938లో దీన్ని రూపొందించారు. మనిషి నోట్లో పుచ్చి ఉన్న పళ్ళు, పుచ్చడం వల్ల పోయిన పళ్ళు, సిమెంటో వెండో పెట్టి పూడ్చిన పళ్ళు కలిపి ఒక అంకె వేస్తారు. తేలికైన లెక్క కాబట్టే ఎనభై ఏళ్ళు దాటినా ప్రపంచమంతా వాడుతున్నారు. అయితే మొత్తం ఒక్కటే చూస్తే అసమానత కళ్ళపడదు. హైదరాబాదులో ఒక ఉద్యోగికి నాలుగు పళ్ళు పూడ్చి ఉన్నాయనుకుందాం. పాలమూరు వలస కూలీకి రెండు పుచ్చి, రెండు పోయి ఉన్నాయనుకుందాం. ఇద్దరి అంకే నాలుగు. మొదటాయన వేరుసెనక్కాయలు నమలగలడు. రెండో ఆయన ఒక పక్కనే నములుతూ రాత్రిళ్ళు దవడ పట్టుకుని కూర్చుంటాడు. అందుకే మొత్తాన్ని మూడు ముక్కలుగా విడదీసి చూడమని మంచి అధ్యాపకులు పట్టుబడతారు. పూడ్చినవి ఎక్కువున్న చోటికి వైద్యం చేరిందనీ, పుచ్చినవీ పోయినవీ ఎక్కువున్న చోటికి చేరలేదనీ అర్థం.

సగటుతోనూ ఇలాంటి చిక్కే ఉంది. ఒక బడిలో సగటు తక్కువగా వచ్చిందంటే పిల్లలందరూ బాగున్నారని కాదు. ఎక్కువమందికి ఏమీ లేకపోయి, కొద్దిమంది నోళ్ళలోనే పుచ్చంతా పోగుపడి ఉండవచ్చు. స్వీడన్‌కు చెందిన డగ్లస్ బ్రాటల్ 2000లో దీనికొక ఉపాయం చెప్పాడు. అందరి లెక్కనూ వరసలో పెట్టి, బాగా చెడిపోయిన మూడో వంతు పిల్లల సగటును విడిగా చూడమన్నాడు. హాజరుపట్టీ ముందు పెట్టుకుని ఈ లెక్క ఒక్కసారి వేసిన విద్యార్థికి ఆ మూడో వంతు పిల్లలు ఏ వాడ నుంచి వస్తున్నారో ఎవరూ చెప్పనక్కర్లేదు.

భారత దంత మండలి 2002–03లో దేశవ్యాప్తంగా జరిపిన నోటి ఆరోగ్య సర్వేలో అయిదేళ్ళ పిల్లల్లో 51.9 శాతం, పన్నెండేళ్ళ వాళ్ళలో 53.8 శాతం, పదిహేనేళ్ళ వాళ్ళలో 63.1 శాతం మందికి పుచ్చు పళ్ళు కనిపించాయి. అంటే బడి వయసు పిల్లల్లో సగం మందికి పైనే.

ఈ పళ్ళు పోయే దారి దాదాపు అందరికీ ఒకటే. నల్లచుక్క పడినప్పుడు నొప్పి ఉండదు కనుక ఎవరూ పట్టించుకోరు. చల్లనీళ్ళు జివ్వుమన్నప్పుడు లవంగం నొక్కిపెడతారు, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తారు. నొప్పి తలకెక్కితే ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చిన మాత్రలతో నాలుగు రోజులు గడుస్తాయి. దవడ వాచినప్పుడు పట్నం బస్సెక్కుతారు. అక్కడ రూట్ కెనాల్ చేసి పంటిని నిలబెట్టవచ్చు గానీ దానికి వేలల్లో ఖర్చు, రెండు మూడు సార్లు తిరగాలి, తిరిగిన ప్రతిరోజూ కూలి పోతుంది. పీకించుకోవడం ఒక్కరోజు పని. బీదవాళ్ళకు పళ్ళ మీద శ్రద్ధ లేదనేవాళ్ళు ఈ లెక్క వేసి చూడాలి. రోజుకూలీ మీద బతికే మనిషికి పీకించుకోవడమే అందుబాటులో ఉన్న ఒకే ఒక చికిత్స. ఆ ఇంట్లో ఆడమనిషి వంతు ఇంకా ఆలస్యం. పిల్లాడి ఫీజు, మామగారి మందులు అయ్యాక గానీ ఆమె పన్ను సంగతి రాదు.

వేల్స్‌లో గని కార్మికుల ఊళ్ళో వైద్యం చేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో ఈ తీరుకు ఒక సూత్రం కట్టాడు. మంచి వైద్యం అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడ దాని లభ్యత తక్కువగా ఉంటుందనీ, వైద్యం బజారు సరుకయ్యే కొద్దీ ఈ తలకిందులు పెరుగుతుందనీ అతను అన్నాడు. పంటి వైద్యం చాలా దేశాల్లో ఎక్కువగా జేబులో డబ్బుతోనే నడుస్తుంది. అందువల్ల ఈ సూత్రం దానికి పట్టినంతగా మరే వైద్యానికీ పట్టదు.

తెలుగు నేల చెప్పిన పాఠాలు: నీరు, చుట్ట

నోటి జబ్బుకూ బతికే చోటుకూ ఉన్న ముడిని ప్రపంచానికి చూపించిన ప్రాంతాల్లో తెలుగు నేల ఒకటి. గర్వపడే సంగతి కాదు, మరచిపోదగింది అంతకన్నా కాదు. నీటిలోని ఫ్లోరైడ్ వల్ల ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మనదేశంలో తొలిసారి గుర్తించింది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు 1937లో దాన్ని వైద్యలోకానికి తెలిపారు. ఆ తర్వాత నల్లగొండ పేరు ఈ జబ్బుకు మారుపేరయింది. చెరువులు ఎండి, బోర్లు రాతిపొరల్లోకి దిగేకొద్దీ నీటిలో ఫ్లోరైడ్ పాలు పెరిగింది. తాగునీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటరాదన్నది పరిమితి. దాన్ని మించిన నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద ముందు సున్నపు మచ్చలు, ముదిరితే గోధుమరంగు చారలు, గుంటలు పడతాయి. ఎనిమిదేళ్ళ లోపు, దవడలో పన్ను తయారయ్యే కాలంలోనే ఈ దెబ్బ తగులుతుంది. తర్వాత ఎంత తోమినా ఆ రంగు పోదు. ఈ చారలను సరిగా తోముకోనందువల్ల వచ్చిన గారగా పొరబడి పిల్లలను మందలించే పెద్దలున్నారు. పెళ్ళిచూపుల్లో పెదవి విప్పడానికి జంకే అమ్మాయికి ఇది పంటి జబ్బు ఒక్కటే కాదు, బతుకు మీద పడ్డ మచ్చ.

పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూరులోని ‘నీరి’ సంస్థ 1975లో ‘నల్లగొండ పద్ధతి’ పేరుతో రూపొందించింది. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ కృష్ణా, గోదావరి నీటిని ఇళ్ళకు తెచ్చింది. ఈ జబ్బుకు మందు కొళాయిలో ఉందని, దంతవైద్యుడి చేతిలో కాదని ఇక్కడికి వచ్చిన విద్యార్థి తెలుసుకోవాలి. మరో మెలిక కూడా ఉంది. పుచ్చు రాకుండా ఆపడంలో ఫ్లోరైడ్ పేస్టును మించిన సాధనం లేదని పుస్తకం చెప్తుంది, అది నిజం. అయితే ఫ్లోరైడ్ అనగానే వంగిపోయిన తాతల నడుములు గుర్తొచ్చే ఊళ్ళో నిలబడి ఆ మాట అప్పజెబితే వినేవాళ్ళు బెదిరిపోతారు. తాగేనీటి పరీక్ష ఫలితం చేతిలో పెట్టుకుని, లోపలికి మింగే ఫ్లోరైడ్ వేరు, పంటిపై రాసి ఉమ్మేసే కొద్దిపాటి ఫ్లోరైడ్ వేరు అని ఓపికగా చెప్పాలి. ఒకే ఉపన్యాసం అన్ని ఊళ్ళకూ పనికిరాదు.

రెండో పాఠం శ్రీకాకుళం వైపుది. చుట్టను నిప్పు లోపలుండేలా నోట పెట్టుకుని తాగడాన్ని అక్కడ అడ్డపొగ అంటారు. ఆడవాళ్ళలో ఈ అలవాటు ఎక్కువ. పనిచేస్తూ ఉంటే చుట్ట తడిసి ఆరిపోకుండా, నుసి రాలకుండా అలా తాగుతారని చెప్తారు. నిప్పుసెగ నేరుగా అంగుడికి తగిలి అక్కడ మార్పులు వస్తాయి, కొందరిలో క్యాన్సరుకు దారితీస్తాయి. డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, మన దేశస్థుడు మెహతా బృందం 10,169 మంది గ్రామస్థుల అంగుళ్ళు పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనం నోటి క్యాన్సరు శాస్త్రంలో మైలురాయి.

దాని కొనసాగింపు మన అంశానికి ఇంకా దగ్గర. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన దంత పరిశోధన విభాగం శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్ళ ఇంటింటికీ వెళ్ళింది. నోరు చూసి, మనిషి మనిషితో మాట్లాడి, మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. పొగాకు మానినవాళ్ళు పెరిగారు, క్యాన్సరుకు ముందొచ్చే తెల్లమచ్చలు తగ్గాయి. 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫలితాలను ప్రతి దంతవైద్య కళాశాల తొలి ఏడాదిలోనే చెప్పాలి. ఖరీదైన యంత్రమేదీ లేకుండా, గడపదాకా వెళ్ళి ఓర్పుగా చెప్పిన మాట జబ్బును తగ్గించగలదనడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. మళ్ళీ మళ్ళీ వెళ్ళారన్నదే అందులో ఆయువుపట్టు.

చదువులోకి ఊరు వచ్చిన తీరు

మనదేశంలో తొలి దంతవైద్య కళాశాలను 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ నెలకొల్పారు. 1949లో దాన్ని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వానికి అప్పగించారు. ఆయన పుట్టినరోజు డిసెంబరు 24ను జాతీయ దంతవైద్య దినంగా పాటిస్తారు. 1948 నాటి దంతవైద్యుల చట్టం దేశమంతటికీ ఒకే చదువు ప్రమాణాన్ని తెచ్చింది. దాని స్థానంలో 2023లో జాతీయ దంత కమిషన్ చట్టం వచ్చింది. ప్రజా దంతవైద్యం బీడీఎస్ పాఠ్యాంశాల్లో ఒకటి, హౌస్‌సర్జన్సీలో కొంతకాలం గ్రామీణ సేవ తప్పనిసరి. విద్యార్థిని ఊరికి తీసుకెళ్ళే దారి నిబంధనల్లోనే ఉంది. దాన్ని సంతకాల తంతుగా ముగించడమా, చదువుకు నడిబొడ్డుగా చేయడమా అన్నది కళాశాలను బట్టి, ముఖ్యంగా ఆ విభాగం అధ్యాపకులను బట్టి ఉంటుంది.

ఇతర దేశాల్లోనూ ఈ ఆలోచన మెల్లగానే బలపడింది. అమెరికా సర్జన్ జనరల్ 2000లో ఇచ్చిన నివేదిక బీదవాళ్ళ నోటి జబ్బులను నిశ్శబ్ద మహమ్మారి అంది. మరుసటి ఏడాది రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ మొదలుపెట్టిన పథకం, ఆఖరి ఏడాది విద్యార్థులు 60 రోజులు బీద ప్రాంతాల క్లినిక్కుల్లో పనిచేయాలని లక్ష్యం పెట్టింది. ఆ దేశంలోనే మేరీలాండ్‌లో 2007లో పన్నెండేళ్ళ బాలుడు పుచ్చిన పంటి చీము మెదడుకు పాకి చనిపోయాడు. పన్ను తీసేయడానికి అయ్యేది ఎనభై డాలర్లని అప్పట్లో పత్రికలన్నీ రాశాయి.

క్యాంపు రోజు

క్యాంపు బాగా జరగడం బస్సు కదలడానికి చాలా ముందే తేలిపోతుంది. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, బడి హెడ్మాస్టరు ముందే తెలిసి ఉండాలి. నాట్లు, కోతల రోజుల్లో పెట్టిన క్యాంపుకు ముసలివాళ్ళు తప్ప ఎవరూ రారు. ఉపాధిహామీ పనికి వెళ్ళేవాళ్ళకు పొద్దున పది గంటల సమయం పనికిరాదు. ఇవి పుస్తకంలో ఉండవు, ఒకసారి ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్న విద్యార్థికి బోధపడతాయి.

పంచాయతీ ఆఫీసు వరండాలో వెలుగున్న వైపు కుర్చీ వేసి, నోటి అద్దం, సన్నని పుల్లతో పరీక్ష మొదలవుతుంది. ఒకరు చూస్తూ చెప్తుంటే ఇంకొకరు పట్టికలో రాస్తారు. సంచార వాహనం ఉంటే అందులో కుర్చీ, కంప్రెసర్, జనరేటర్ ఉంటాయి. గార తీయడం, సిమెంటు పెట్టడం, నిలబెట్టలేని పన్ను తీయడం అక్కడే చేస్తారు. పరికరాలను ఆవిరి ఒత్తిడిలో శుద్ధి చేయడం ఏ చెట్టు కింద ఉన్నా తప్పించుకోరానిది. నీళ్ళూ కరెంటూ లేవన్న సాకుతో ఒకరి నోట పెట్టినదాన్ని కడిగి ఇంకొకరి నోట పెడితే ఆ క్యాంపు జరగకపోవడమే మేలు.

కరెంటు లేని చోటుకు సరిపడే చికిత్స ఒకటుంది. 1980ల నడుమ టాంజానియాలో యో ఫ్రెంకెన్ మొదలుపెట్టిన పద్ధతిలో పుచ్చిన మెత్తని భాగాన్ని చేతి పనిముట్లతోనే గీకి తీసి, ఫ్లోరైడ్ వదిలే గ్లాస్ అయానమర్ సిమెంటుతో పూడుస్తారు. డ్రిల్లు ఉండదు, చాలాసార్లు సూదిమందు కూడా అక్కర్లేదు. ఆ రొద లేకపోవడంతో పిల్లలు ఏడవరు. పుచ్చును ఆపడానికి రాసే వెండి ఫ్లోరైడ్ ద్రావణం, ఈ సిమెంటు, ఫ్లోరైడ్ పేస్టు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో చేరాయి. ద్రావణం రాసిన చోట పన్ను నల్లబడుతుంది. ఆ మాట తల్లికి ముందే చెప్పి ఆమె సరేనన్నాకే రాయాలి.

మాట్లాడే పని చికిత్స కన్నా కష్టం. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయంటారు. పైపన్ను పీకితే చూపు పోతుందంటారు. గార తీయిస్తే పళ్ళు కదులుతాయంటారు. ఈ చివరిది ఊరికే పుట్టిన మాట కాదు. ఏళ్ళ తరబడి పేరుకున్న గార చిగురును తినేసి, పంటిని తానే పట్టి ఉంచుతుంది. దాన్ని తీయగానే అంతకుముందే వదులైన పన్ను కదులుతున్నట్టు తెలుస్తుంది. ఇలా విడమరచి చెబితే అవ్వ తలూపుతుంది, మూఢనమ్మకమని కొట్టిపారేస్తే లేచిపోతుంది. గుంటూరు నుంచో హైదరాబాదు నుంచో ఆదిలాబాదు గూడేనికి వెళ్ళిన విద్యార్థికి గోండి రాదు. తోడు వచ్చిన ఆశా కార్యకర్తే అక్కడ అసలు వైద్యురాలు.

మేలు ఎవరికి?

క్యాంపుల వల్ల విద్యార్థులకు కలిగే మేలు గురించి చాలా రాశారు. చేయి తిరుగుతుంది, బెరుకు పోతుంది, రోగిని తప్పుపట్టే చూపు మారుతుంది. ఇవన్నీ నిజమే. ఊరికి ఏం ఒరిగిందన్నది కొలిచినవాళ్ళు తక్కువ. ఎక్కువ అధ్యయనాలు విద్యార్థుల చేత ప్రశ్నపత్రాలు నింపించి సరిపెట్టాయి. ఎందరిని చూశారు, ఎన్ని పళ్ళు తీశారు, ఎన్ని పేస్టులు పంచారు అన్న మూడు అంకెలతో నివేదిక పూర్తవుతుంది. ఈ అంకెలు ఊరి ఆరోగ్యం గురించి ఏమీ చెప్పవు. తీసిన పళ్ళ సంఖ్య పెరిగితే సంతోషించాల్సిందేమీ లేదు. వాటిలో ముందే వచ్చి ఉంటే నిలబెట్టగలిగినవి ఎన్నో ఉంటాయి.

ఉపన్యాసాల పరిమితి కూడా తెలిసిందే. 1990లలో ఎలిజబెత్ కే, డేవిడ్ లాకర్ అప్పటివరకూ జరిగిన ప్రయోగాలను వడబోసి చూశారు. బోధన వల్ల తెలివిడి పెరుగుతుంది, పళ్ళ శుభ్రత కొన్నాళ్ళే మెరుగవుతుంది, పుచ్చును తగ్గించినట్టు గట్టిగా తేలింది ఫ్లోరైడ్ వాడకమే అని చెప్పారు. ఆబ్రే షీహమ్, రిచర్డ్ వాట్ 2000లో ఇంకో అడుగు ముందుకు వేశారు. చక్కెర, పొగాకు, మద్యం పళ్ళనూ గుండెనూ మధుమేహాన్నీ కలిపి దెబ్బతీస్తున్నప్పుడు పళ్ళ కోసం విడిగా ప్రచారం ఎందుకని అడిగారు. స్కాట్లండ్ ‘చైల్డ్‌స్మైల్’ పథకంలో నర్సరీ పిల్లలంతా టీచరు ఎదుట రోజూ పళ్ళు తోముతారు. ఫిలిప్పీన్స్ బడుల్లో చేతులు కడుక్కోవడంతో పాటు ఫ్లోరైడ్ పేస్టుతో తోమడం దినచర్య అయింది. మన గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్ళలో వేలమంది పిల్లలు ఒకే వేళకు లేస్తారు, ఒకే కొళాయి దగ్గర నిలబడతారు. విద్యార్థులు అక్కడొక అలవాటు నిలబెడితే ఏడాదికి యాభై క్యాంపులు చేయలేని పని అవుతుంది.

చీటీ రాసి పట్నం పంపడం మరో లోపం. అంగుడిలో అనుమానపు మచ్చ కనబడిన ఆమెకు కాగితం ఇచ్చి, కళాశాలకు రమ్మని చెప్పి బస్సెక్కితే ఆమె రాదు. చార్జీలకు డబ్బుండదు, తోడు వచ్చేవాళ్ళుండరు, ఏమవుతుందోనన్న భయం ఉంటుంది. పేరు, ఊరు, ఫోను నంబరు రాసుకుని వారంలో పిలిచి, కళాశాల గుమ్మం దగ్గర ఎదురుచూసి తీసుకెళ్ళే విద్యార్థి ఉంటే వస్తుంది. దత్తత గ్రామం అన్న మాటకు అర్థం అక్కడ తేలుతుంది. అదే ఊరు, అదే రిజిస్టరు, ఏటా అవే పేర్లు ఉండాలి. ఒక్కసారి చూసి మళ్ళీ రాని ఊళ్ళు వందున్నా, అయిదేళ్ళు వదలకుండా వెళ్ళిన ఒక్క ఊరికి సాటిరావు.

క్యాంపులో కళ్ళు తెరుచుకున్న విద్యార్థి పట్టా పుచ్చుకుని బయటికొచ్చాక ఎక్కడికి వెళ్తాడన్నది చివరి చిక్కు. 2014–15లో మొదలైన జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం ప్రభుత్వ ఆసుపత్రుల్లో దంత విభాగాలకు సాయం చేస్తోంది. 2018 నుంచి వచ్చిన ఆరోగ్య, వెల్‌నెస్ కేంద్రాల పన్నెండు సేవల్లో ప్రాథమిక నోటి సంరక్షణ ఒకటి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల పుచ్చుపళ్ళను కూడా చూడాల్సిన జబ్బుల్లో చేర్చింది. కాగితం మీద దారులున్నాయి. ప్రైవేటు కళాశాలలో లక్షలు పోసి చదివిన యువతికి తీర్చాల్సిన అప్పు ఉంది. ప్రభుత్వ దంతవైద్యుల పోస్టులు ఏటా బయటికొచ్చే పట్టభద్రుల్లో చాలా కొద్దిమందికే సరిపోతాయి. ఎక్కువ పీహెచ్‌సీల్లో దంతవైద్యుడి కుర్చీయే లేదు. ఆమె మనసు శ్రీకాకుళం పల్లెలో ఉన్నా విశాఖలో, అప్పటికే పది క్లినిక్కులున్న వీధిలో పదకొండోది తెరుస్తుంది.